ఇంటి దగ్గర లారీ గేర్ బాక్సు దించి, మళ్లీ ఎక్కించడం: మొదటి నుంచి చివరిదాకా

ఒడిశాలో రాయగడ, కొరాపుట్, జయపురం వైపు సొంత లారీ ఉన్నవాళ్లు పదే పదే అడిగే మాట ఇది: క్లచ్ ప్లేటు అయిపోయింది, బండి షెడ్డుదాకా కదిలేలా లేదు, ఇంటి దగ్గరే గేర్ బాక్సు దించొచ్చా? దించొచ్చు. నిజానికి దించడం పెద్ద పనేం కాదు. బెల్ హౌసింగ్ (గేర్ బాక్సు ముందుండే గంట ఆకారపు గూడు) చెవులు విరిగినా, కొత్త క్లచ్ ప్లేటు వంగినా, వేళ్లు నలిగినా అదంతా ఎక్కించేటప్పుడే. అందుకే ఇందులో ఎక్కించే భాగమే పొడుగు.

ఇక్కడ చెప్పేది చేతితో గేర్లు వేసే 6 గేర్ల, 9 గేర్ల బాక్సుల గురించి. 6 గేర్లది బరువు 100 కిలోల పైమాటే. 9 గేర్లదైతే 200 కిలోలకు దరిదాపుల్లో ఉంటుంది. క్లచ్ పెడల్ లేని బండ్ల సంగతి వేరు, వాటికి కంప్యూటర్ కావాలి. వాటిని ఇంటి దగ్గర ముట్టుకోకండి.

గేర్ బాక్సు ముందు నుంచి క్లచ్‌లోకి దూరే షాఫ్టును మన మేస్త్రీలు టాప్ షాఫ్టు అంటారు. ఇక్కడా అదే పేరు వాడుతున్నాం.

1. అసలు దించాలా? ముందు అది తేల్చుకోండి

సగం బండ్లలో తప్పు గేర్ బాక్సు బయటే ఉంటుంది. దించాక తెలిస్తే రెండు రోజులు దండగ.

- పెడల్ తొక్కినా గేరు పడట్లేదు: ముందు క్లచ్ ఆయిల్ డబ్బా చూడండి. తర్వాత పెడల్ తొక్కించి కింద బూస్టర్ (పెడల్ ఒత్తిడిని గాలితో పెంచి క్లచ్‌కు అందించే సిలిండర్) పుష్ రాడ్డు ఎంత కదులుతోందో చూడండి. రాడ్డు కదలకపోయినా, అర్ధాంతరంగా ఆగినా తప్పు సిలిండర్‌లోనో బూస్టర్‌లోనో ఉంది. గేర్ బాక్సు జోలికి వెళ్లక్కర్లేదు.
- గేరు లివర్ లూజుగా ఊగుతోంది, గేరు దొరకట్లేదు: లింకేజి బుష్షులు, బాల్ జాయింట్లు అరిగి ఉంటాయి.
- న్యూట్రల్‌లో, కాలు పెడల్ మీద లేనప్పుడు శబ్దం వస్తోంది, తొక్కగానే పోతోంది: టాప్ షాఫ్టు బేరింగో, దాని కింది కౌంటర్ షాఫ్టు బేరింగో. దించాలి, విప్పాలి కూడా.
- పెడల్ మీద కాలు పెట్టగానే శబ్దం మొదలవుతోంది: రిలీజ్ బేరింగ్, అంటే తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే బేరింగ్. దించాలి.
- పెడల్ పూర్తిగా తొక్కి గేరులో పెట్టి ఆగినప్పుడు సన్నగా కూత: ఫ్లైవీల్ (ఇంజను వెనక తిరిగే బరువైన చక్రం) మధ్యలో, టాప్ షాఫ్టు కొసను పట్టే పైలట్ బేరింగ్. దించాలి.
- ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను రేసవుతోంది, బండి కదలట్లేదు, మాడు వాసన: క్లచ్ ప్లేటు. అయితే పెడల్‌కు ఫ్రీ ప్లే (క్లచ్ అందుకునే ముందు ఉండే వదులు) ఉందో లేదో ఒకసారి చూసి మరీ దించండి.
- గేర్ బాక్సు వెనక నుంచి నూనె కారుతోంది: వెనక ఆయిల్ సీలు. జాయింట్ షాఫ్టు (గేర్ బాక్సు నుంచి వెనక ఇరుసుకు వెళ్లే పొడుగు షాఫ్టు), దాన్ని బిగించే ఫ్లాంజ్ విప్పితే చాలు.

2. చోటు, రోజు

కొరాపుట్ వైపు ఇళ్ల ముందు సమంగా ఉండే నేల దొరకడమే కష్టం. కంటికి సమంగా కనబడినా ఒక నీళ్ల బాటిల్ పడుకోబెట్టి చూడండి. అది దొర్లితే అక్కడ ఈ పని వద్దు. వాలు మీద గేర్ బాక్సు జాకీ తనంతట తానే కదులుతుంది. 200 కిలోలు కదిలితే చేత్తో ఆపేది ఉండదు.

ఎర్రమట్టి, మొరం నేల ఎండాకాలంలో గట్టిగానే ఉంటుంది. ఒక్క వాన పడితే జాకీ చక్రాలు అంగుళం దిగిపోతాయి. కాంక్రీటు లేకపోతే 8 నుంచి 10 మి.మీ. ఇనుప రేకు పరిచి, దాని మీదే జాకీ నడపండి. రేకు కింద గుంటలు లేకుండా మట్టి దిమ్మిస కొట్టండి. ఊతలకు సాలు చెక్క దిమ్మెలు గానీ, పాత రైలు స్లీపర్ ముక్కలు గానీ వాడండి. ఇటుకలు, సిమెంటు బ్లాకులు బరువు కింద ఒక్కసారిగా పగిలిపోతాయి, వాటిని దగ్గరికి రానివ్వొద్దు.

వానాకాలంలో తప్పదనుకుంటే పైన టార్పాలిన్ కట్టండి. ఒక్క రాత్రి తేమకే తెరిచి ఉన్న ఫ్లైవీల్ మీద సన్నటి తుప్పు పొర కడుతుంది.

మనుషులు ముగ్గురు కావాలి. ఇద్దరితోనూ అవుతుంది గానీ ఎక్కించేటప్పుడు మూడో మనిషి లేని లోటు తెలుస్తుంది. దించడానికి ఒక పూట, ఎక్కించడానికి ఒక పూర్తి రోజు అనుకోండి.

మన వైపు ప్రత్యేకంగా ఒక మాట. సాయానికి వచ్చే కుర్రాడికి తెలుగు అంతగా రాకపోవచ్చు, ఒడియానో కువీనో మాట్లాడతాడు. పని మొదలుపెట్టే ముందే నాలుగు మాటలు ఖాయం చేసుకోండి: ‘ఉపరకు’ అంటే పైకి, ‘తళకు’ అంటే కిందికి, ‘టికే’ అంటే కొంచెం, ‘రుహ’ అంటే ఆగు. జాకీ హ్యాండిల్ పట్టినవాడికి ఒక్కరే చెప్పాలి. ‘రుహ’ మాత్రం ఎవరన్నా సరే ఆగాలి.

3. పనిముట్లు, సామాన్లు

బండి విప్పాక షాపుకు పరిగెత్తితే రాయగడలో దొరక్క విజయనగరమో, విశాఖ ఆటోనగరో వెళ్లాల్సి వస్తుంది. అన్నీ ముందే తెచ్చుకోండి. క్లచ్ సైజు పాత బిల్లులోనో, ప్లేటు మీదో చూసి కొనండి. 352, 380, 395, 430 మి.మీ. అన్నీ మన రోడ్ల మీద ఉన్నాయి. మోడల్ పేరు ఒకటే అయినా క్లచ్ సైజు వేరే ఉండొచ్చు.

పనిముట్లు:

- గేర్ బాక్సు జాకీ, తక్కువలో తక్కువ 500 కిలోలది. షెడ్లలో రోజు అద్దెకు ఇస్తారు. బాటిల్ జాకీ మీద గేర్ బాక్సు నిలబెట్టే పని వద్దే వద్దు, పక్కకు ఒరిగిందంటే పట్టలేరు.
- 1 టన్ను చైన్ బ్లాకు. పై నుంచి తోడుగా కట్టడానికి.
- 13, 17, 19, 22, 24 పానాలు, బాక్సు స్పానర్లు, 600 మి.మీ. ఎక్స్‌టెన్షన్ రాడ్డు. కొన్ని కొత్త బండ్లకు 16, 18, 21 కూడా కావాలి.
- టార్క్ రెంచి, 200 న్యూటన్ మీటర్ల దాకా.
- 10 టన్నుల బాటిల్ జాకీ, ఇంజను వెనక భాగానికి ఊత కోసం.
- క్లచ్ సెంటర్ చేసే షాఫ్టు. పాత టాప్ షాఫ్టు కోయించినది దొరికితే అంతకంటే మేలైంది లేదు.
- గైడు స్టడ్లు రెండు. ఇవి కొనేవి కావు, చేయించుకునేవి. బెల్ హౌసింగ్ బోల్టుకు సరిపోయే మర గల 150 మి.మీ. బోల్టులు రెండు తీసుకుని, తలలు కోయించి, కొస గ్రైండర్‌తో కోసుగా చేయించి, పైన స్క్రూడ్రైవర్‌కు గాడి పెట్టించండి. మర పిచ్ చేత్తో తిప్పి చూసుకోండి. ఎం12 బోల్టుల్లోనే 1.75 పిచ్ ఉంది, 1.5 ఉంది, 1.25 ఉంది.

సామాన్లు:

- క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్. నాలుగూ కలిపి మార్చండి. పైలట్ బేరింగ్ ఖరీదు మిగతా వాటి ముందు లెక్కలోకి రాదు. దాన్ని మిగుల్చుకుంటే దానికోసమే మళ్లీ బాక్సు దించాల్సి వస్తుంది.
- టాప్ షాఫ్టు ఆయిల్ సీలు, వెనక ఆయిల్ సీలు, మౌంటింగ్ రబ్బర్లు
- జాయింట్ షాఫ్టుకు కొత్త నైలాక్ నట్లు
- గేర్ ఆయిల్, మాన్యువల్లో ఉన్న గ్రేడే. ఇత్తడి సింక్రో రింగులున్న బాక్సులకు మామూలుగా జీఎల్-4 80డబ్ల్యు-90 చెబుతారు. క్రౌనుకు (వెనక ఇరుసులోని గేర్లకు) పోసే జీఎల్-5 ఇందులో పోస్తే అందులోని మందు ఇత్తడిని తినేయొచ్చు.
- క్లచ్ ఫ్లూయిడ్ (బ్రేకు ఆయిలే). ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బర్లు ఉబ్బిపోతాయి.
- బ్రేక్ క్లీనర్ స్ప్రే, 180 నంబరు ఎమెరీ పేపరు, గుడ్డ పీలికలు, రంగు పెయింటు, ఇన్సులేషన్ టేపు

4. బండిని కదలకుండా చేయడం

- లోడు మొత్తం దించేయాలి. టిప్పర్ అయితే బాడీ పూర్తిగా కిందికి.
- చక్రాలు నేల మీదే ఉండనివ్వండి. ఈ పనికి బండి లేపక్కర్లేదు.
- నాలుగు వైపులా అడ్డుచెక్కలు, ముందూ వెనకా.
- హ్యాండ్ బ్రేకు ఎక్కడ పట్టుకుంటోందో తెలుసుకోండి. వెనక చక్రాల దగ్గర స్ప్రింగ్ బ్రేకు ఉంటే, గాలి దిగిపోయినా చక్రాలు బిగుసుకునే ఉంటాయి. కొన్ని పాత బండ్లలో హ్యాండ్ బ్రేకు డ్రమ్ము గేర్ బాక్సు వెనకే ఉంటుంది. అందులో జాయింట్ షాఫ్టు విప్పిన మరుక్షణం బండికి బ్రేకు లేనట్టే.
- బ్యాటరీ నెగటివ్ వైరు ముందు విప్పండి. 24 వోల్టుల కరెంటు, సెల్ఫ్ మోటారు దగ్గర పానా తగిలితే పానా అతుక్కుపోతుంది.
- స్టీరింగుకు ఒక అట్టముక్క కట్టండి: ‘క్లచ్ తొక్కొద్దు.’ పిల్లలు క్యాబిన్ ఎక్కే ఇల్లయితే తలుపుకు తాళం వేయండి.

5. దించే వరుస

వరుస మారిస్తే పని ఆగిపోదు గానీ, ఒకే చోటికి మూడుసార్లు దూరాల్సి వస్తుంది.

1. నూనె దించండి, కాస్త వెచ్చగా ఉన్నప్పుడే. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతం చూడండి. బూడిద రంగు మెత్తటి పేస్టు మామూలే. గోటికి తగిలే పలుకులు, పంటి ముక్కలు, బేరింగ్ కేజ్ రేకులు కనబడితే క్లచ్ ఒక్కటి మార్చి సరిపెట్టలేరు, బాక్సు విప్పాలి. దిగిన నూనె ఎన్ని లీటర్లో కొలిచి రాసుకోండి.
2. క్యాబిన్ లేచే రకమైతే లేపి, సేఫ్టీ రాడ్డు వేయండి. లేవని రకమైతే క్యాబిన్ అడుగు రేకు విప్పండి.
3. గేరు న్యూట్రల్‌లో పెట్టి లింకేజి రాడ్లకు పెయింటు గీత గీసి విప్పండి. లివర్ హౌసింగ్ తీస్తే ఆ కంత వెంటనే మూసేయండి. అందులో పడిన ఒక్క వాషరు చాలు.
4. రివర్స్ స్విచ్, న్యూట్రల్ స్విచ్, మీటరు సెన్సర్ వైర్లు తీయండి. 9 గేర్ల బాక్సు అయితే గాలి పైపులు కూడా. పైపుకో టేపు, దాని చోటికో టేపు, రెండింటి మీదా ఒకే అంకె. పైపు కొసలు వెంటనే మూయండి. ఎర్రదుమ్ము వాల్వులోకి వెళ్తే హై, లో రేంజ్ మారడం మానేస్తుంది, ఆ తప్పు వెతకడానికే ఒక రోజు పోతుంది.
5. సెల్ఫ్ మోటారు విప్పండి. దాన్ని వైర్ల మీద వేలాడదీయకండి.
6. క్లచ్ బూస్టర్‌ను పైపు విప్పకుండానే ఊడదీసి ఛాసిస్‌కు తాడుతో కట్టండి. పైపు విప్పితే తర్వాత గాలి తీసే పని అదనం.
7. జాయింట్ షాఫ్టు: రెండు ఫ్లాంజులకూ అడ్డంగా పెయింటు గీత. షాఫ్టుకు ముందే తాడు కట్టి, ఆ తర్వాత బోల్టులు తీయండి. ఒక్కసారిగా జారితే ముఖం మీదే పడుతుంది. స్ప్లైన్ (షాఫ్టు మీద పొడుగునా ఉండే పళ్లు) జాయింటు విడదీయొద్దు. విడిపోతే బాణం గుర్తులు ఎదురెదురుగా పెట్టి కలపాలి. ఒక పన్ను తప్పినా బండి 40 స్పీడు దాటగానే వణుకుతుంది.
8. టిప్పర్ అయితే పీటీఓ పంపు (గేర్ బాక్సు నుంచి తిరిగే, బాడీ లేపే పంపు), పైపులు. సైలెన్సర్ క్లాంపు. అడ్డొచ్చే క్రాస్ మెంబరు (ఛాసిస్ అడ్డపట్టీ) ఇంకా తీయకండి.
9. ఇంజను వెనకకు ఊత: ఫ్లైవీల్ హౌసింగ్ అడుగున చెక్క పెట్టి బాటిల్ జాకీ ఆనించండి. ఆయిల్ సంపు కింద ఆనిస్తే సంపు సొట్ట పడుతుంది. ఇంజను లేవక్కర్లేదు, ఊత అందుకుంటే చాలు. ఆ తర్వాతే గేర్ బాక్సు మౌంటింగులు, క్రాస్ మెంబరు.
10. గేర్ బాక్సు జాకీ పెట్టి గొలుసుతో బిగించండి. పైన చైన్ బ్లాకు కూడా తగిలించండి. దాని అడ్డదూలం బరువు ఛాసిస్ మీద పడాలి గానీ క్యాబిన్ తలుపు గడప మీద కాదు. వెదురు వద్దు.
11. బెల్ హౌసింగ్ బోల్టులు పైవి ముందు. రెండు పక్కలా ఒక్కోటి మిగిల్చి, తీసిన చోట్ల ఎదురెదురుగా గైడు స్టడ్లు బిగించండి. చివరి రెండు బోల్టులు అప్పుడు తీయండి.
12. రెండు వైపులా సమానంగా పలుగుతో కదిలించి నేరుగా వెనక్కి లాగండి. టాప్ షాఫ్టు క్లచ్‌లోంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా జాకీ దించకూడదు, వంచకూడదు. బరువంతా ఆ షాఫ్టు మీద వేలాడితే పైలట్ బేరింగూ, క్లచ్ ప్లేటు బొడ్డూ పాడవుతాయి.

అన్ని బోల్టులూ తీసినా బాక్సు వెనక్కి రావట్లేదంటే మీది పుల్ టైప్ క్లచ్ కావచ్చు. అందులో రిలీజ్ బేరింగ్ డయాఫ్రమ్‌కు (ప్రెషర్ ప్లేటులోని వేళ్ల స్ప్రింగుకు) లాక్ అయి ఉంటుంది. లాకు తప్పించడమో, ఫోర్కు (బేరింగును కదిపే చీలిక లివర్) నుంచి బేరింగ్ విడిపించడమో చేయాలి. బలవంతంగా లాగితే డయాఫ్రమ్ వేళ్లు వంగుతాయి.

బాక్సు బయటికి వచ్చాక దిమ్మెల మీద కూర్చోబెట్టండి. టాప్ షాఫ్టు నేలకు ఆనకూడదు.

6. దించాక చూడాల్సినవి

క్లచ్ దుమ్మును గాలి పైపుతో ఊదొద్దు. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి.

ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, వెంట్రుక పగుళ్లు, గోటికి తగిలే మెట్టు ఉంటే లేత్ మీద ముఖం పట్టించాలి. పగులు లోతుగా ఉంటే మార్చాల్సిందే. మామూలుగా ఉంటే ఎమెరీ పేపరుతో అడ్డదిడ్డంగా రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో కడగండి. కిరోసిన్, డీజిల్ వద్దు, వాటి జిడ్డు మిగిలిపోతుంది. ఆ జిడ్డుతో ప్లేటు బిగిస్తే మొదటి రోజే వణుకు.

క్రాంకు వెనక సీలు చెమ్మగా ఉంటే ఇప్పుడే మార్చండి. చేతికి అందే అవకాశం మళ్లీ ఎప్పుడో.

పైలట్ బేరింగ్ తీయడానికి పుల్లర్ లేకపోతే ఒక ఉపాయం. బేరింగ్ కంత నిండా, వెనక ఖాళీ కూడా నిండేలా గ్రీజు కూరండి. కంతకు బిగువుగా సరిపడే రాడ్డు దూర్చి సుత్తితో కొట్టండి. గ్రీజుకు పోవడానికి వేరే దారి ఉండదు కాబట్టి వెనక నుంచి బేరింగును తోసుకుంటూ వస్తుంది. మధ్యలో ఆగితే మళ్లీ గ్రీజు నింపి కొట్టాలి. రాడ్డు వదులైతే గ్రీజంతా మొహాన చిమ్ముతుంది, పని మాత్రం కాదు. సైజు కుదరకపోతే రాడ్డుకు టేపు చుట్టండి. కొత్తది బయటి రింగు మీదే కొట్టి దించాలి, లోపలి రింగు మీద కొడితే బేరింగ్ అక్కడే పోతుంది.

క్లచ్ ప్లేటు రివెట్టు తలకూ లైనింగ్ పైభాగానికీ మధ్య అర మిల్లీమీటరు లేకపోతే అది అయిపోయినట్టే. కొత్త ప్లేటును బిగించే ముందు టాప్ షాఫ్టు మీద తొడిగి చూడండి. తన బరువుకు తాను జారాలి. పట్టేస్తే షాఫ్టు స్ప్లైన్ మీద తుప్పో, గాట్లో ఉన్నాయి. స్ప్లైన్‌కు గ్రీజు బియ్యపు గింజంత తీసుకుని రాసి, ప్లేటు రెండు మూడుసార్లు జరిపి, పైకి వచ్చింది తుడిచేయాలి. ఎక్కువైతే తిరిగేటప్పుడు లైనింగ్ మీద చిమ్ముతుంది.

ఫోర్కు బుష్షులు, రిలీజ్ బేరింగ్ జారే గొట్టం కూడా చూడండి. గొట్టం మీద మెట్టు పడి ఉంటే కొత్త బేరింగ్ కూడా అక్కడే తట్టుకుంటుంది.

ప్లేటు బిగించేటప్పుడు:

- ‘ఫ్లైవీల్ సైడ్’ అని రాసిన వైపు ఫ్లైవీల్‌కే. తిరగేస్తే క్లచ్ విడిపోదు, బాక్సు మళ్లీ దించాలి. ఇది అనుభవం ఉన్నవాళ్లు కూడా చేసే తప్పే.
- సెంటర్ షాఫ్టు పెట్టి, ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా, ఒక్కోటి ఒక్కో చుట్టు చొప్పున మూడు నాలుగు విడతల్లో బిగించండి.
- పూర్తయ్యాక సెంటర్ షాఫ్టు రెండు వేళ్లతో బయటికి రావాలి. సుత్తి అవసరమైతే సెంటరు తప్పినట్టే. బోల్టులు వదులు చేసి మళ్లీ మొదలుపెట్టండి.

7. ఎక్కించడం

ఇక్కడ ఒకటే నియమం. బెల్ హౌసింగూ ఫ్లైవీల్ హౌసింగూ చేతి తోపుతోనే కలవాలి, బోల్టులతో లాగి కలపకూడదు. బోల్టు లాగే బలం టన్నుల్లో ఉంటుంది. లోపల స్ప్లైన్ తట్టుకుని ఉంటే ఆ బలానికి ప్లేటు బొడ్డు వంగుతుంది, లేదా అల్యూమినియం చెవి ‘టక్’మని విరుగుతుంది. ఆ శబ్దం చిన్నదే, ఖర్చు మాత్రం చిన్నది కాదు.

1. రెండు ముఖాలూ, వాటిని సరిగ్గా ఎదురెదురుగా కూర్చోబెట్టే డవల్ పిన్నులూ శుభ్రం చేయండి. పిన్ను మీద గాటు ఉంటే సన్న ఆకురాయితో తీయండి. రెండు ముఖాల మధ్య ఇరుక్కున్న చిన్న మట్టి పెళ్ల కూడా బాక్సును వంకరగా కూర్చోబెడుతుంది.
2. గైడు స్టడ్లు ఫ్లైవీల్ హౌసింగ్‌కు ఎదురెదురుగా బిగించండి.
3. బాక్సును టాప్ గేరులో వేయండి. అప్పుడే వెనక ఫ్లాంజ్ తిప్పితే టాప్ షాఫ్టు తిరుగుతుంది. న్యూట్రల్‌లో తిరగదు. ఫస్ట్ గేరులో పెడితే ఫ్లాంజ్ కాస్త కదిపినా ముందు షాఫ్టు ఆరేడు రెట్లు తిరిగి పళ్లు దాటిపోతాయి.
4. రిలీజ్ బేరింగ్, ఫోర్కు చోట్లో ఉన్నాయా? క్లిప్పులు పడ్డాయా? బాక్సు లేపాక ఇవి కనబడవు.
5. జాకీ లేపి గైడు స్టడ్ల మీదికి తెచ్చాక ఆగండి. రెండు ముఖాల మధ్య సందు పైన, కింద, ఎడమ, కుడి కొలవండి. చెక్కముక్కనో, వేళ్లనో కొలతగా పెట్టుకోవచ్చు. నాలుగు చోట్లా ఒకటే రావాలి. పైన ఎక్కువుంటే బాక్సు వెనక భాగం కిందికి వేలాడుతోంది. కింద ఎక్కువుంటే వెనక భాగం పైకి లేచింది. ఇంజను కింది ఊత ఎత్తు మారినా ఇదే జరుగుతుంది, దాన్నీ సరిచూడండి.
6. ఒకరు తోస్తుంటే ఇంకొకరు వెనక ఫ్లాంజ్ మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. స్ప్లైన్ కలిసిన క్షణం చేతికి తెలుస్తుంది. వదులుగా తిరిగే ఫ్లాంజ్ ఒక్కసారి బరువెక్కుతుంది, బాక్సు ముందుకు జారుతుంది.

మధ్యలో ఆగిందా? ఎక్కడ ఆగిందో చూస్తే ఎందుకు ఆగిందో తెలిసిపోతుంది.

- బాగా దూరంలోనే ఆగింది, ఫ్లాంజ్ వదులుగా తిరుగుతోంది: స్ప్లైన్ పళ్లు ఎదురెదురుగా ఉన్నాయి. తిప్పుతూ తోయండి.
- ఫ్లాంజ్ బిగుసుకుంది, అంటే స్ప్లైన్ దొరికింది, కానీ రెండు మూడు వేళ్ల సందు మిగిలింది: షాఫ్టు కొస పైలట్ బేరింగ్ అంచుకు తగులుతోంది. ఎత్తు ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ చేసి చూడండి. అప్పటికీ పోకపోతే ప్లేటు సెంటరు తప్పింది.
- వేలు మందం సందు మిగిలింది, ఒక పక్క ఎక్కువ: డవల్ పిన్ను. సందు సమానం చేసి, అటువైపు అరచేత్తో కొట్టండి.
- సందు నాలుగు వైపులా సమానమే, ఎంత తోసినా అక్కడే: ఏదో అడ్డుపడింది. వైరో, పైపో, ఫోర్కో. వెనక్కి లాగి టార్చి వేసి చూడండి.

పదిహేను నిమిషాల్లో కలవకపోతే బాక్సు మొత్తం వెనక్కి తీసి, టీ తాగి, క్లచ్ సెంటరు మళ్లీ చూడండి. చేతులు అలసిపోయాకే ఎవరో ఒకరు ‘బోల్టు పెట్టి లాగేద్దాం’ అంటారు.

7. ముఖాలు కలిశాక బోల్టులన్నీ చేత్తో పట్టించండి. గైడు స్టడ్లు తీసి వాటి చోట బోల్టులు పెట్టండి. ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించండి.

మాన్యువల్లో టార్క్ అంకె ఉంటే అదే. లేకపోతే బోల్టు తల మీది అంకె చూసి ఇవి ఉజ్జాయింపుగా:

- 8.8: ఎం8కి 25, ఎం10కి 50, ఎం12కి 85 న్యూటన్ మీటర్లు
- 10.9: ఎం10కి 70, ఎం12కి 120 న్యూటన్ మీటర్లు

ఇవి నూనె లేని పొడి మరకు. నూనె రాసి ఇదే టార్క్ ఇస్తే బోల్టు అవసరానికి మించి సాగుతుంది.

8. పుల్ టైప్ అయితే రిలీజ్ బేరింగ్ డయాఫ్రమ్‌లో ‘క్లిక్’మని కూర్చోవాలి. ఫోర్కు లాగి చూడండి, ఊడి రాకూడదు.
9. క్రాస్ మెంబరు, మౌంటింగులు పూర్తిగా బిగించాకే జాకీ దించండి. ఇంజను ఊత ఆఖరున.

8. మిగతావి

జాయింట్ షాఫ్టు పెయింటు గీతలు కలిపి, కొత్త నైలాక్ నట్లతో. లింకేజి పాత గీతల మీదే. అన్ని గేర్లూ చేత్తో వేసి చూడండి. సెల్ఫ్ మోటారు, వైర్లు, గాలి పైపులు అంకెల ప్రకారం. బ్యాటరీ నెగటివ్ వైరు చివర.

గేర్ ఆయిల్ లెవెల్ కంత అంచు దాకా పోయండి. పది నిమిషాలాగి మళ్లీ చూడండి, కాస్త దిగుతుంది. కొలిచి రాసుకున్న పాత లెక్క కంటే బాగా తక్కువే పట్టిందంటే బండి ఒరిగి ఉందేమో చూడండి. ఎక్కువ పోస్తే వేడికి నురగ కట్టి సీళ్ల దగ్గర కారుతుంది.

క్లచ్ పైపు విప్పి ఉంటే గాలి తీయాలి: ఒకరు పెడల్ మెల్లగా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిపిల్ తెరిచి మూయాలి, ఆ తర్వాతే కాలు తీయాలి. బుడగలు ఆగేదాకా. మధ్యలో డబ్బా ఖాళీ అయితే మళ్లీ మొదటి నుంచి.

9. మొదటి స్టార్టు

కింద ఎవరూ లేకుండా, అడ్డుచెక్కలు తీయకుండా, న్యూట్రల్‌లో, పెడల్ తొక్కి స్టార్టు చేయండి.

- గాలి ప్రెషర్ ఎక్కనిచ్చి పైపుల జాయింట్ల మీద సబ్బు నీళ్లు వేయండి.
- పెడల్ తొక్కి వదిలి శబ్దం వినండి.
- ఐడిల్‌లో పెడల్ పూర్తిగా తొక్కి నాలుగు సెకన్లాగి రివర్స్ వేయండి. చప్పుడు లేకుండా పడాలి. గరగరమంటే క్లచ్ పూర్తిగా విడిపోవట్లేదు: గాలి మిగిలింది, లేదా ప్లేటు తిరగబడింది, లేదా బోల్టులతో లాగినప్పుడు ప్లేటు వంగింది. ఈ వరుసలోనే వెతకండి.
- కదిలేటప్పుడు వణుకు: లైనింగ్ మీద జిడ్డు, లేదా మౌంటింగు వదులు. మౌంటింగు ముందు చూడండి, అది బయటే ఉంది.
- 40, 50 స్పీడులో వణుకు: జాయింట్ షాఫ్టు గుర్తులు తప్పాయి.
- మీటరు పనిచేయట్లేదు, రివర్స్ లైటు వెలగట్లేదు: సాకెట్లు మరిచారు. ఇది దాదాపు ప్రతిసారీ జరుగుతుంది.

ముందు ఖాళీ బండి, చదును రోడ్డు, అయిదారు కిలోమీటర్లు. వచ్చి కింద దూరి నూనె కారుతోందా చూడండి. కొత్త క్లచ్ కుదురుకునేదాకా, అంటే మొదటి 500 కిలోమీటర్లు, ఎత్తులో సగం క్లచ్ మీద బండి నిలబెట్టొద్దు. ఫుల్లు లోడుతో సుంకి ఘాటీ ఎక్కి క్లచ్‌ను పరీక్ష చేయాలనే సరదా మొదటి వారంలో వద్దు.

150, 200 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పానా పట్టండి:

- బెల్ హౌసింగ్ బోల్టులు
- మౌంటింగులు, క్రాస్ మెంబరు
- జాయింట్ షాఫ్టు ఫ్లాంజ్ నట్లు
- గేర్ ఆయిల్ లెవెల్
- క్లచ్ ఫ్లూయిడ్ లెవెల్

దించిన పాత నూనెను క్యానులో పోసి మూత పెట్టి, పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇచ్చేయండి. కాలువ పక్కన పారబోస్తే మొదటి వానకు నాగావళిలో కలుస్తుంది. పాత ప్రెషర్ ప్లేటు మాత్రం పారేయకండి, కొన్ని షాపులు కొత్తదాని బిల్లులో పాతదానికి కొంత తగ్గిస్తాయి.